నూతి నీళ్ళు తోడినప్పుడు తేటగా ఉండి, సాయంత్రానికి ఎర్రబడుతున్నాయి

తాటిముంజ (అమలాపురం దగ్గర)
అందరికీ నమస్కారమండి. మా అమ్మగారింట్లో సిమెంటు వరల నుయ్యి ఉంది. 4 అడుగుల వర, లోతు 22 అడుగులు, ప్రస్తుతం అడుగు నుంచి 10 అడుగుల ఎత్తున నీళ్ళున్నాయి. తాతగారి కాలం నుంచీ తాగడానికీ వంటకీ ఇవే నీళ్ళు. సంక్రాంతి వెళ్ళాక రంగు మారడం మొదలైంది. కుళాయి తిప్పితే బకెట్లోకి తేటగానే పడతాయి. గంట గడిచేసరికి మసకబారతాయి. సాయంత్రానికి లేత ఇటుక రంగు, అడుగున వేలితో తాకితే జారిపోయే ఎర్రటి మడ్డి. అన్నం పసుపు ఛాయలో వస్తోంది, టీ నల్లబడుతోంది, నాన్నగారి తెల్ల పంచెలన్నీ పాడయ్యాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూస్తే గోడలకి గోధుమరంగు జిగురు పట్టి ఉంది.

ఒకరు బ్లీచింగు కొట్టమంటున్నారు, ఒకరు ఆర్‌వో పెట్టించమంటున్నారు, బోర్లు వేసే ఆయన నుయ్యి పూడ్చేసి 100 అడుగుల బోరు వేద్దామంటున్నాడు. ఏది చేయాలో తెలియక రాస్తున్నాను. అమ్మకి ఈ నుయ్యి పూడ్చడం అసలు ఇష్టం లేదు.

గట్టుమీద మామ్మ (నరసాపురం)
బాబూ, పటిక ముక్క బిందెలో తిప్పి రాత్రంతా ఉంచి పైతేట వంచుకోండి. మా అత్తగారు చిల్లగింజ అరగదీసేవారు. గోదారి వరదనీళ్ళు కూడా దాంతో తేరుకునేవి.

ఫుట్‌వాల్వ్ (తణుకు)
తాటిముంజ గారూ, డబ్బు పెట్టే ముందు మూడు సంగతులు చెప్పండి. ఇంట్లో పైపులు ఇనుపవా ప్లాస్టిక్‌వా? సంక్రాంతికి ముందు నూతికి గానీ మోటారుకి గానీ ఏమైనా పని చేయించారా? పొద్దున్నే వచ్చే మొదటి బకెట్టుకీ, పావుగంట వదిలాక వచ్చే బకెట్టుకీ తేడా ఉందా? పాత ఇనుప పైపులైతే రాత్రంతా నిలవున్న నీళ్ళే ఎర్రగా వస్తాయి, కాసేపటికి తేటపడతాయి. అలాంటప్పుడు నూతిని ఎంత బాగుచేసినా లాభం ఉండదు, పైపులు మార్చుకోవాల్సిందే.

తాటిముంజ
పైపులన్నీ ప్లాస్టిక్కేనండి, నాలుగేళ్ళ క్రితం వేయించినవి. మొదటి బకెట్టుకీ తర్వాతి వాటికీ తేడా లేదు, అన్నీ తేటగానే పడి తర్వాత రంగు తిరుగుతున్నాయి.

పని మాత్రం చేయించాం. పండక్కి పిల్లలు వస్తారని భయపడి నూతి మీద సిమెంటు పలక వేసి మూసేశాం. గిలక, చేద తీసేశాం. పూడిక తీయించి, సబ్‌మెర్సిబుల్ మోటారు దించాం, అది అడుగున ఆనేలా పెట్టారు. అంతకుముందు పైన మోటారు ఉన్నా మొక్కలకే వాడేవాళ్ళం. ఇంట్లోకి చేదతో తోడుకునేవాళ్ళం.

గాజుకుప్పె (కాకినాడ)
నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. తాటిముంజ గారు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట "తేటగానే పడి తర్వాత రంగు తిరుగుతున్నాయి" అన్నది. నీళ్ళ రంగు చూసి జబ్బు చెప్పలేం. ఆ రంగు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

తోడగానే తేటగా ఉండి గాలి తగిలాక ఎర్రబడితే అది నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము. భూమి లోపల గాలి ఆడని చోట ఇనుము కరిగిన రూపంలో ఉంటుంది, కంటికి కనపడదు. పైకొచ్చి గాలిలోని ఆక్సిజన్ తగిలితే కరగని రూపంలోకి మారి ఎర్రమడ్డిగా దిగుతుంది. గోదావరి ఒండ్రు నేలల్లో ఇది కొత్త కాదు. ఆకులు, పీచు కుళ్ళి కలిసిపోయిన నల్లబంక పొరలు కింద ఉంటాయి. ఆ కుళ్ళు అక్కడున్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తుంది, దాంతో మట్టిలోని ఇనుము ఊటలోకి దిగుతుంది.

తోడినప్పుడే ఎర్రగా ఉంటే తుప్పు గానీ, ముందే మారిపోయిన ఇనుము గానీ అయ్యుంటుంది. వాన పడ్డ మర్నాడే బురదగా వస్తే గట్టు పగుళ్ళలోంచో, వరల అతుకుల్లోంచో పైనీళ్ళు దిగుతున్నాయని అర్థం. నల్లటి పొడి, నల్ల మరకలు కనపడితే మాంగనీసు. ఎండపడే నూతిలో పచ్చగా ఉంటే నాచు. ఎంతసేపు ఉంచినా మడ్డి దిగక, డికాక్షన్ రంగులోనే ఉండిపోతే ఆకులూ వేళ్ళూ నాని వచ్చిన రంగు.

మామ్మగారు చెప్పిన చిల్లగింజ, పటిక రెండూ మంచివే. కాకపోతే నీళ్ళలో తేలే బురద రేణువుల్ని దగ్గరచేర్చి కిందికి దించడం వాటి పని. వరదనీటికి అందుకే పనిచేశాయి. కరిగి ఉన్న ఇనుము మీద వాటి పట్టు ఉండదు.

ఇవి చేసి చూడండి, ఖర్చేమీ లేదు:

ఒక గాజుసీసాలో మోటారు నీళ్ళు అంచుదాకా, గాలిబుడగ మిగలకుండా నింపి గట్టిగా మూత పెట్టండి. ఇంకో సీసాలో సగమే పట్టి బాగా గిలక్కొట్టి మూత లేకుండా ఉంచండి. రెండోది ముందు ఎర్రబడితే ఇనుమే.

పలక కాస్త జరిపి, తాడు కట్టిన బకెట్టుతో నూతి పైనీళ్ళు తోడండి. వాటినీ మోటారు నీళ్ళనీ పక్కపక్కన తెల్ల గిన్నెల్లో పెట్టి చూడండి. మీ విషయంలో అసలు తాళం ఇక్కడే ఉందని నా అనుమానం.

పెరట్లో జామచెట్టు ఉంటే రెండు మూడు లేత ఆకులు నలిపి, అప్పుడే పట్టిన గ్లాసు నీళ్ళలో వేయండి. ఊదారంగో నలుపో తిరిగితే ఇనుము ఉన్నట్టే. టీ నల్లబడటానికి కారణం కూడా అదే, ఆకులోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది.

ఫ్లష్ ట్యాంకు జిగురు సంగతి తర్వాత రాస్తాను. అది వేరే విషయం.

పెడన అద్దకం (పెడన)
మేడం గారు చెప్పింది మాకు రోజూ కళ్ళముందు జరిగేదే. మా కలంకారీ పనిలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్ళు అచ్చుతో అద్దితే ఆ గుడ్డ మీద నల్లరంగు దిగుతుంది. కరక్కాయ వగరు, ఇనుము కలవడం వల్లే ఆ నలుపు. జామాకు దొరకని వాళ్ళు కరక్కాయ పొడి చిటికెడు వేసినా తేలిపోతుంది. ఇనుము ఉన్న నీళ్ళతో గుడ్డ ఉడకబెడితే లేత రంగులన్నీ మసిబారతాయి, అందుకే మేం నీళ్ళ విషయంలో అంత జాగ్రత్తగా ఉంటాం.

బాయిగట్టు (నల్లగొండ)
తాటిముంజ అన్నా, మీ నీళ్ళు రంగు మారి మీకు సంగతి చెప్పినయ్. మా దిక్కు బోరు నీళ్ళు అద్దం లెక్క ఉంటుండె. వాసన లేదు, రంగు లేదు. గవ్వే తాగి మా ఊర్ల పిల్లల పండ్లకు గారలొచ్చినయ్, పెద్దోళ్ళ నడుములు వంగినయ్. ఫ్లోరైడ్ కండ్లకు కనిపియ్యదు. మీ ఆంధ్ర దిక్కు గూడ కొత్తది కాదు ఇది, 1937లనే నెల్లూరు జిల్లాల ఈ జబ్బు గురించి డాక్టర్లు రాసిన్రు. గందుకే చెప్తున్న, రంగు పోయినంక గూడ ఒక్కసారి అన్ని పరీక్షలు చేయించుర్రి. తేటగ ఉన్నంత మాత్రాన తాగచ్చని కాదు. బోరు ఏస్తే ఖర్సుతోని కొత్త తిప్పలు గూడ వస్తయ్.

గాజుకుప్పె
బాయిగట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇనుము మన మీద చేసే హాని తక్కువ. రుచి, మరకలు, పైపుల్లో మడ్డి, అంతవరకే. ఫ్లోరైడు, నైట్రేటు, మలంలోంచి వచ్చే బ్యాక్టీరియా, ఈ మూడూ రంగు లేకుండానే మనిషిని పాడుచేస్తాయి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేటుకి హద్దు 45 మిల్లీగ్రాములు. కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో అసలు కనపడకూడదు. ఇనుముకి ఒకప్పుడు 0.3 ఉండేది, తర్వాత సవరణలో 1 మిల్లీగ్రాము చేశారు.

గోరుముద్ద (రాజోలు)
మాకూ ఇదే సమస్యండి, కాకపోతే ఇంత ఎక్కువ లేదు. మా బాబుకి ఏడాదిన్నర. ఈ నీళ్ళతో పాలు కలపొచ్చా? మరిగిస్తే ఇనుము పోతుందా?

గాజుకుప్పె
గోరుముద్ద గారూ, మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఇనుము పోదు. అయితే మరిగినప్పుడు అది త్వరగా మడ్డిగా మారుతుంది, చల్లారాక వడకట్టుకుంటే చాలావరకు అడుగునే ఉండిపోతుంది. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం మరిగించినా పోవు, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి. పసిపిల్లలున్న ఇంట్లో ముందు చేయించాల్సిన పరీక్షలు నైట్రేటు, కోలిఫాం. మీ మరుగుదొడ్డి గుంట నూతికి ఎంత దూరంలో ఉందో కొలిచి చూడండి. కనీసం 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగులు ఉండాలి. ఫలితం వచ్చేదాకా బాబుకి వేరే మంచినీళ్ళు వాడండమ్మా.

తాటిముంజ
మేడం గారు చెప్పినవన్నీ చేశాను. రాత్రి పెట్టి పొద్దున్నే చూస్తే, గాలి లేకుండా మూసిన సీసా ఇంకా తేటగానే ఉంది, తెరిచి ఉంచింది ఎర్రబడి అడుగున పల్చగా మడ్డి దిగింది. జామాకు వేసిన గ్లాసు చూస్తూ ఉండగానే ఊదా, తర్వాత సిరా రంగు.

ఆశ్చర్యం వేసింది రెండో పరీక్షకి. పైనీళ్ళు బకెట్టుతో తోడితే జామాకుకి కాస్తే రంగు తిరిగింది. అదే నుయ్యి, అదే పూట! పలక జరపగానే మాత్రం కుళ్ళు వాసన గుప్పున కొట్టింది. నీళ్ళ మీద నూనె తెట్టులాంటిది మెరుస్తూ కనపడింది, మోటారులోంచి ఆయిల్ కారుతోందా అని భయంగా ఉంది.

మోటారు పైకి లేపి అడుగు మడ్డి తీయడానికి రేపు పొద్దున్నే ఒక కుర్రాణ్ణి దించుతున్నాం.

వరలబావి (పార్వతీపురం)
తాటిముంజ గారూ, ఆ కుర్రాణ్ణి దించకండి. ముందు ఇది చదవండి.

మాది మూడు తరాలుగా నూతులు తవ్వే, వరలు దించే ఇల్లు. పలకతో మూసి ఉన్న నూతిలో, అడుగున మడ్డి కుళ్ళుతున్న నూతిలో, పై నుంచే కుళ్ళు వాసన వస్తున్న నూతిలో మనిషి దిగడం చావుకి ఎదురెళ్ళడమే. కుళ్ళు వల్ల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, అది గాలికన్నా బరువు కాబట్టి నీళ్ళ పైన పొరగా కూర్చుంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు ఇంకా ప్రమాదం. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనుకున్నవాడు అక్కడే పడిపోతాడు. వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ, మూడోవాడూ పోతారు. ప్రతి వేసవిలో పేపర్లో చూస్తున్నదే కదా.

లాంతరు దించి చూస్తే సరిపోతుందని మా పెద్దలు అనేవారు. లాంతరు ఆరిపోతే ఆక్సిజన్ లేదని తెలుస్తుంది. వెలుగుతూ ఉంటే మాత్రం విషవాయువు లేదని హామీ లేదు. మీథేన్ ఉంటే ఆ మంటే ప్రాణం తీస్తుంది. డీజిల్ ఇంజను నూతిలోకి దించి నీళ్ళు తోడటం మరీ ఘోరం, ఆ పొగ లోపలే నిలిచిపోతుంది.

తప్పనిసరైతేనే, అదీ నేర్చినవాళ్ళే: పలక పూర్తిగా తీసి వదిలేయాలి, బ్లోయరుతో గొట్టం ద్వారా అడుగుదాకా గాలి కొట్టాలి, గ్యాసు మీటరు దించి చూడాలి, దిగేవాడి ఒంటికి బెల్టు, తాడు, పైన ముగ్గురు మనుషులు. లోపల ఎవరైనా తూలితే తాడుతో పైకి లాగాలి తప్ప ఇంకొకరు దిగకూడదు.

అసలు మీ పనికి మనిషి దిగాల్సిన అవసరమే లేదు. సబ్‌మెర్సిబుల్‌కి కట్టిన తాడు పైనే ఉంటుంది. దాంతో మోటారుని లాగి ఎత్తు మార్చుకోవచ్చు. మడ్డి పంపుకి గొట్టం తగిలించి పై నుంచే అడుగు మడ్డి లాగించొచ్చు.

తాటిముంజ
వరలబావి గారూ, కుర్రాణ్ణి వద్దని చెప్పేశాను. మీరు రాయకపోతే రేపు పొద్దున దిగేవాడు. అమ్మ మీకు దండం పెట్టమంది.

ఫుట్‌వాల్వ్
ఇక మీ నూతి కథ విప్పుదాం. ఇదివరకు నుయ్యి తెరిచి ఉండేది, రోజంతా చేద పడుతూ లేస్తూ నీళ్ళని కలియతిప్పేది, గాలి కలిసేది. ఇనుము నూతిలోనే మడ్డిగా మారి అడుగుకి చేరేది. మీరు పైనీళ్ళు తోడుకునేవారు. ఇనుము మీ నూతిలో ఎప్పుడూ ఉంది, మీ వాడుక పద్ధతే దాన్ని వదిలించేది. ఇప్పుడు పలకతో గాలి ఆగింది, చేద ఆగింది, మోటారు అడుగున కూర్చుని అప్పుడే ఊరిన నీళ్ళనీ మడ్డినీ నేరుగా ట్యాంకుకి తోస్తోంది.

మోటారుని అడుగు నుంచి 3 అడుగుల పైకి లేపి కట్టండి. మీకు 10 అడుగుల నీళ్ళున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. మే నెలలో మట్టం ఎంత పడుతుందో చూసుకోండి, మోటారు నీళ్ళలో మునిగే ఉండాలి, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. నీళ్ళు తగ్గితే ఆగిపోయే డ్రై రన్ స్విచ్ పెట్టించండి. పలక తీసేసి, పిల్లల భయం లేకుండా ఇనుప జాలీ బిగించి తాళం వేయండి. దాని మీద దోమతెర పరిస్తే ఆకులు, దోమలు రావు, గాలి ఆడుతుంది.

గాజుకుప్పె
పైన చెప్పింది సరిగ్గా సరిపోయింది. ఆ నూనె తెట్టు సంగతి: పుల్లతో కదిపి చూడండి. మోటారు ఆయిల్ అయితే చీలినా మళ్ళీ కలిసిపోయి రంగులు తిరుగుతుంది. పుల్ల తగలగానే పలకలు పలకలుగా విరిగి, విరిగిన ముక్కలు కలవకుండా విడివిడిగా తేలితే అది ఇనుప బ్యాక్టీరియా. ఫ్లష్ ట్యాంకులో జిగురు కూడా అదే. ఇనుము ఉన్న నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు ఇవి. వీటివల్ల నేరుగా జబ్బు రాదు, కానీ జిగురు కట్టి పైపులు మూసుకుపోయేలా చేస్తాయి, కుళ్ళు వాసన తెస్తాయి, వేరే క్రిములకి చోటిస్తాయి. పూడిక తీసేవాళ్ళు ఊరూరా తిప్పే తాళ్ళతో, బకెట్లతో ఒక నూతి నుంచి ఇంకో నూతికి చేరడం మామూలే.

తాటిముంజ
పుల్లతో కదిపితే ముక్కలు ముక్కలుగా విరిగిందండి, కలవలేదు. అమ్మయ్య, ఆయిల్ కాదు.

ఆకుపచ్చ గేటు (న్యూజెర్సీ)
ఇక్కడ మా ఇంటికీ సొంత బోరే ఉంది. అమెరికాలో సొంత బావి నీళ్ళ బాధ్యత ఇంటివాళ్ళదే, ప్రభుత్వం పరీక్షించదు. మా దాంట్లోనూ ఇనుము వచ్చింది, సాఫ్ట్‌నర్ (ఉప్పునీళ్ళ కాఠిన్యం తగ్గించే యంత్రం) పెట్టించాం, బాగానే ఉంది. అక్కడా అదే పెట్టించుకోవచ్చు కదా?

గాజుకుప్పె
ఆకుపచ్చ గేటు గారూ, మీది మూసిన పైపులో గాలి తగలకుండా వచ్చే నీళ్ళు, ఇనుము కాస్త తక్కువైతే సాఫ్ట్‌నర్ పట్టుకుంటుంది. ఇక్కడ నీళ్ళు ట్యాంకులో గాలి తగిలి నిలిచేకొద్దీ ఇనుము మడ్డిగా మారుతుంది, ఆ మడ్డి సాఫ్ట్‌నర్ లోపలి పూసలకి పట్టుకుని పాడుచేస్తుంది. ఆర్‌వోకీ ఇదే కథ. ముందు ఇనుము తీయకుండా పెడితే దాని లోపల నీళ్ళు వడగట్టే పొర (మెంబ్రేను) కొద్ది నెలల్లోనే మూసుకుపోతుంది, మళ్ళీ మార్చడానికి వేలల్లో బిల్లు. అమ్మేవాళ్ళు ఈ మాట ముందు చెప్పరు, అదే నాకు కోపం.

తాటిముంజ గారూ, ఇప్పుడు ప్రయోగశాలకి నమూనా ఇవ్వండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ప్రయోగశాలలు ఉన్నాయి, 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళో కొందరు మహిళలకి పరీక్ష కిట్ల వాడకం నేర్పారు. మీ సచివాలయంలో అడిగితే చెప్తారు. ఇనుము పరీక్షకి వాళ్ళిచ్చే ఆమ్లం చుక్కలు వేసిన సీసానే వాడండి. మామూలు సీసాలో పడితే దారిలోనే ఇనుము మడ్డిగా దిగి గోడకి అంటుకుంటుంది, కాగితం మీద తక్కువ చూపిస్తుంది. బ్యాక్టీరియాకి విడిగా, వాళ్ళు క్రిములు లేకుండా శుద్ధి చేసి ఇచ్చిన సీసా. దాని మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఐసు పెట్టి అదే రోజు అందించాలి. బ్లీచింగు వేసే ముందే పట్టండి, తర్వాత పడితే ఫలితానికి విలువ ఉండదు.

తాటిముంజ
రిపోర్టు వచ్చిందండి. ఇనుము 3.4, మాంగనీసు 0.2, ఫ్లోరైడు 0.4, నైట్రేటు 18, పీహెచ్ 6.9. కోలిఫాం ఉందని రాశారు.

గాజుకుప్పె
ఫ్లోరైడు, నైట్రేటు భయం లేదు. మాంగనీసు 0.1 దాటింది గానీ 0.3 హద్దు లోపలే ఉంది. కోలిఫాం ఉంది కాబట్టి బ్లీచింగు అవసరమే, ఇనుము కోసం కాదు, క్రిముల కోసం. అంతదాకా తాగే నీళ్ళు మరిగించే తాగండి.

ఈ వరసలో చేయండి. ముందు పై నుంచి మడ్డి లాగించాలి. వరల లోపలి జిగురుని పొడవాటి కర్రకి కట్టిన బ్రష్షుతో పై నుంచే గీకాలి. జిగురు ఉండగా బ్లీచింగు వేస్తే అది జిగురు మీదే ఖర్చైపోతుంది. ఆ తర్వాత మోతాదు. వర వెడల్పుని అడుగుల్లో దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 22తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. మీకు 4 × 4 × 10 × 22, అంటే సుమారు 3,500 లీటర్లు. ఇలా ఒక్కసారి గట్టిగా శుద్ధి చేసేటప్పుడు 1,000 లీటర్లకి తాజా బ్లీచింగు పౌడరు 150 గ్రాములు, కాబట్టి అరకిలో పైన కాస్త. సంచి విప్పి చాలాకాలం అయిన పౌడరుకి బలం ఉండదు, కొత్తది కొనండి. మామూలు రోజుల్లో వేసే మోతాదు దీనితో పోలిస్తే చాలా తక్కువ, 1,000 లీటర్లకి రెండున్నర గ్రాములే.

ప్లాస్టిక్ బకెట్లో ఆరుబయట ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకి దిగనిచ్చి పైతేట మాత్రమే నూతిలో పోయండి. బాత్రూం కడిగే యాసిడ్డు దరిదాపుల్లో ఉండకూడదు, కలిస్తే విషవాయువు వస్తుంది. బకెట్టుతో తోడి మళ్ళీ నూతిలోనే పోస్తూ కలియతిప్పండి. ఇంట్లో ప్రతి కుళాయీ బ్లీచింగు వాసన వచ్చేదాకా తిప్పి ఆపి, రాత్రంతా వదిలేయండి. పోసిన వెంటనే నూతినీళ్ళు ఎర్రగా మారిపోతాయి, బెంబేలు పడకండి. క్లోరిన్ తగలగానే కరిగిన ఇనుమంతా ఒక్కసారి మడ్డిగా మారడమే అది. మర్నాడు వాసన పోయేదాకా తోడి పారబోయండి. చేపల చెరువులోకి మాత్రం వదలొద్దు, చేపలు చస్తాయి.

ఓ వారం ఆగి కోలిఫాం పరీక్ష మళ్ళీ చేయించండి. మళ్ళీ వస్తే బ్లీచింగు మీద బ్లీచింగు కొట్టకుండా, గట్టు పగుళ్ళూ మరుగుదొడ్డి గుంటా చూడాలి.

వరలబావి
గట్టు చుట్టూ చప్టా నాలుగు వైపులా బయటికి వాలుగా ఉండాలండి. బట్టలుతికిన నీళ్ళు గట్టు పక్కనే నిలిస్తే మళ్ళీ లోపలికే ఇంకుతాయి. పై మూడు వరల అతుకులు సిమెంటుతో మూయించండి, కింది వాటిని ముట్టుకోవద్దు, ఊట అక్కడినుంచే రావాలి.

ఫుట్‌వాల్వ్
ఫిల్టరు ఇంటి దగ్గరే కట్టుకోవచ్చు. రెండు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు చాలు, రసాయనాలు నింపినవి కాకుండా ఆహారపదార్థాలకి వాడినవే తీసుకోండి. మొదటి డ్రమ్ము మీద సన్నటి బెజ్జాలు పెట్టిన పీవీసీ పైపు అడ్డంగా బిగించి, మోటారు నీళ్ళు దానిలోంచి జల్లుగా పడేలా చేయండి. ఎంత ఎత్తు నుంచి పడితే అంత గాలి కలుస్తుంది. నీళ్ళు ఆ డ్రమ్ములో కనీసం గంట నిలవాలి. మీ పీహెచ్ 6.9 కాబట్టి ఇనుము కాస్త మెల్లగా మారుతుంది, తొందరపడొద్దు. అక్కడినుంచి రెండో డ్రమ్ములోకి. దాంట్లో అడుగున గులకరాళ్ళు, మీద ముతక ఇసుక, ఆపైన రెండడుగుల సన్న ఇసుక. గోదారి ఇసుక తెచ్చి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు దిగుతుంది. బయటికి వచ్చే పైపుని ఇసుక మట్టం కన్నా కాస్త ఎత్తుకి తిప్పి వదిలితే ఇసుక ఎప్పుడూ తడిగా ఉంటుంది.

ఇది తాగడానికీ వంటకీ సరిపోతుంది. ఇల్లంతటికీ కావాలంటే పెద్ద తొట్టి కట్టాలి, ముందు ఇది చూడండి.

గోరుముద్ద
పంచెల మరకలు ఎలా పోతాయో కూడా చెప్పండి, మా ఇంట్లో యూనిఫాంలన్నీ పోయాయి.

పెడన అద్దకం
అమ్మా, వాటికి బ్లీచింగు తగలనివ్వకండి, మరక ఇంకా గట్టిగా కూర్చుంటుంది. నిమ్మ ఉప్పు వేడినీళ్ళలో కలిపి అరగంట నానబెట్టి, మంచినీళ్ళలో జాడించండి. మరక పాతదైతే రెండోసారి చేయాలి. రంగుబట్టలైతే ముందు ఒక మూల తడిపి చూసుకోండి.

తాటిముంజ
అందరికీ చెప్పాల్సిన కబురు. మోటారు లేపి, పలక తీసి జాలీ వేశాం. ఈ రెండింటికే మడ్డి బాగా తగ్గింది. బ్లీచింగు అయ్యాక చేయించిన పరీక్షలో కోలిఫాం లేదని వచ్చింది. డ్రమ్ముల ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్ళలో ఇనుము 0.4. జామాకు వేసినా రంగు తిరగడం లేదు. తోటలోకి వెళ్ళే నీళ్ళలో ఎరుపు ఇంకా ఉంది, దాన్ని అలాగే వదిలేశాం. బోరు ఆయనకి అక్కర్లేదని చెప్పేశాం.

ఒక్క సందేహం. నాలుగు రోజులుగా ఫిల్టరులోంచి ధార సన్నబడింది. ఇసుకంతా మార్చాలా?

ఫుట్‌వాల్వ్
అక్కర్లేదండి. పైన రెండంగుళాల ఇసుకలోనే మడ్డి పట్టి ఉంటుంది. ఆ పొర మాత్రం తీసి, బకెట్లో వేసి చేత్తో పిసుకుతూ కడిగి మళ్ళీ పరవండి. కడిగేటప్పుడు సబ్బు, బ్లీచింగు ఏదీ వాడొద్దు. లోపలి ఇసుక రేణువుల మీద ఎర్రటి పూత కనపడుతుంది, దాన్ని పూర్తిగా పోయేలా తోమకండి. ఆ పూతే కొత్తగా వచ్చే ఇనుముని పట్టుకుంటుంది. ఎండాకాలంలో వాడకం పెరుగుతుంది కాబట్టి ఇంకాస్త తరచుగా కడగాల్సి రావచ్చు.

గోరుముద్ద
ఆ కడిగిన ఎర్రనీళ్ళు కొబ్బరి మొక్కలకి పోయొచ్చాండి?

గాజుకుప్పె
నిక్షేపంగా పోయండమ్మా, ఇనుప మడ్డే కదా. నూతి గట్టుకి దూరంగా ఉన్న చెట్లకి పోయండి. మీ నైట్రేటు రిపోర్టు వస్తే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.